విరాటపర్వం మాత్రం చదవబాకండి

పెళ్ళి కుదరని పిల్లకి రుక్మిణీ కల్యాణం. ఇంటిమీదికి కష్టమొస్తే సుందరకాండ. అప్పులోళ్ళు గడప తొక్కుతుంటే గజేంద్రమోక్షం. వానలు మొహం చాటేస్తే విరాటపర్వం. ఏ అవసరానికి ఏ పుస్తకమో మా జేజికి కంఠతా వచ్చు. ఆమెకి చదువు రాదు, వేలిముద్రే. అయినా ఊళ్ళో ఎవరికి ఏం కావాల్సొచ్చినా పుస్తకం పేరు చెప్పి పంపించేది. చదివే కష్టం వాళ్ళది. ఫలం దక్కితే పేరు ఆమెది. దక్కకపోతే మాత్రం చదివినోళ్ళ ఉచ్చారణలో దోషం.

ఆ ఇంట్లో పుట్టినదాన్ని గనక, మా తమ్ముడి కూతురు డాలస్ నుంచి ఫోన్ చేసి "అత్తా, రీడథాన్ అని ఒకటుంది, నీకు తెలీదులే" అన్నప్పుడు నేనేం బెదరలేదు. తెలీదన్న తర్వాత చెప్పకుండా ఊరుకునే పిల్లా కాదది. 2007 అక్టోబరులో, డ్యూయీ అనే కలంపేరుతో పుస్తకాల గురించి రాసే ఒకావిడ దీన్ని మొదలుపెట్టిందంట. ఆవిడ పోయినా పద్ధతి నిలిచింది. ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, 24 గంటలు పుస్తకాలు చదువుతానే ఉండాలి. ఏ దేశంలో ఎంత టైమైనా సరే, అందరూ ఒక్కసారే పుస్తకం తెరుస్తారు. డాలస్‌లో పొద్దున ఏడైతే మా ఊరు కోటలో సాయంత్రం ఐదున్నర. దీపం పెట్టే వేళ.

"ఇందులో కొత్తేముందమ్మణ్ణీ? సప్తాహమంటే ఏందనుకున్నావు?" అన్నాను. ఏడో రోజు తక్షకుడు రావడం ఖాయమని తెలిసి, గంగ ఒడ్డున కూర్చుని శుకుడి నోట భాగవతం మొత్తం విన్నాడు పరీక్షిత్తు. గడువంటే అదీ. మీరు 24 గంటలూ అయినాక పిజ్జా తెప్పించుకుంటారు. ఆయనకి ఆ వీలు కూడా లేకపాయె.

దానికి నవ్వొచ్చింది గానీ, పని వదల్లేదు. అక్కడి తెలుగు పిల్లలు కొందరు కలిసి, ఈసారి అన్నీ తెలుగు పుస్తకాలే చదవాలని పందెం వేసుకున్నారు. ఊరికే చదివితే పందెమేముంది? కాబట్టి షరతులు. అట్ట నీలంగా ఉండే పుస్తకం ఒకటి. పేరులో అంకె ఉండేది ఒకటి. ఊరు దాటి పోయే కథ. లేవకుండా ఒక్క ఊపున చదివేది. ఐదొందల పేజీలు దాటింది. సినిమాగా వచ్చింది. తిండి ఉండేది. సొంత జిల్లా రచయితది. ఏ షరతుకి ఏ పుస్తకమో చెప్పాల్సింది ఇంటి పెద్దలు. అయితే, చెప్పేవాళ్ళు ఆ పుస్తకం తాము చదివి, ఇష్టపడి ఉండాలి. చదవని పుస్తకం చెప్పకూడదు.

ఈ ఆఖరి షరతు వినగానే మా వీధిలో సగంమంది పోటీలోంచి తప్పుకున్నారు. వేయిపడగలు గొప్ప పుస్తకమని చెప్పడానికి దాన్ని చదవాల్సిన అవసరం ఇన్నాళ్ళూ ఎవరికీ పడలేదు మరి.

నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. పొడుగు నోటుబుక్కు తీసి, మధ్యలో గీత కొట్టి, ఎడమ పక్క షరతులు, కుడి పక్క ఖాళీ పెట్టి అరుగు మీద కూర్చున్నాను. జతపరచుము. కోట చిన్న ఊరు. ఇంటి ముందు కాగితం, పెన్ను పట్టుకుని ఎవరన్నా కూర్చుంటే పింఛను దరఖాస్తో, పంట నష్టం లిస్టో అనుకుని మూగుతారు. పుస్తకాల లిస్టని తెలిసినాక కూడా ఎవరూ పోలేదంటే, మావాళ్ళకి సలహా చెప్పడం మీద ఉండే ప్రేమ అర్థం చేసుకోవాల.

మొదట వచ్చింది రిటైరైన కండక్టరు. గూడూరు, కోట, వాకాడు రూటులో ఈయన టికెట్ కొట్టని మనిషి మా మండలంలో లేడు. "ఊరు దాటి పోయే కథేనా? రాసుకోండి టీచరమ్మా, బారిష్టర్ పార్వతీశం" అన్నాడు. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన ఆ నవల మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరతాడు. వాదించడానికేముంది, రాసుకున్నాను. ఆయన కదల్లేదు.

"సినిమా అన్నారు గదా, దానికీ అదే రాయండి. 1940లోనే తీశారు."

రాశాను.

"తిండి? దానికీ అదే. రైల్లో తింటాడు, ఓడలో తింటాడు, తినలేక అవస్థ పడతాడు."

"అట్ట నీలంగా ఉండాలంటన్నా?"

"సముద్రం మీద పోతాడు గదమ్మా, నీలమే."

ఆయన లెక్కలో తెలుగు సాహిత్యమంతా ఆ ఒక్క పుస్తకంలోనే సర్దుకుంటుంది. పైగా ఒక రహస్యం కూడా చెప్పాడు. ఆ రోజుల్లో అటువైపు నుంచి మద్రాసు పోయే రైలు గూడూరు మీదుగా పోవాల్సిందే. అంటే పార్వతీశం మన స్టేషన్ దాటే పోయినాడు. నవలలో గూడూరు మీద పేజీలకి పేజీలు లేవంటే, అప్పుడు నిద్రపోతుండుంటాడు, అంతే. దొరసాని టోపీ నెత్తిన పెట్టుకుని పరాయి దేశం పోయినోడు నిద్రలోనన్నా మన ఊరి గాలి పీల్చాడు గదా అని కండక్టరు గారి సంతృప్తి.

నేను మాత్రం ఆ షరతు పక్కన ఇంకో పేరు కూడా రాశాను. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830 మేలో మద్రాసులో బయల్దేరి, కాశీ పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిపొడుగునా స్నేహితుడు శ్రీనివాస పిళ్ళైకి ఉత్తరాలు రాశాడు. 1838లో అవే పుస్తకమైనాయి. ఎక్కడ నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, ఏ సత్రంలో దిగొచ్చు, ఏ ఏరు ఎట్టా దాటాల, అన్నీ రాసుకొచ్చాడు. ఇప్పుడు ఫోన్లో దారి అడిగితే ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అంటుంది గానీ, ముందు ఊళ్ళో పెరుగు దొరుకుద్దా అంటే చెప్పదు. పార్వతీశం నవ్విస్తాడు. వీరాస్వామయ్యను నమ్ముకుని నిజంగా ప్రయాణం చెయ్యొచ్చు. కండక్టరు మొహం చిన్నబోయింది గానీ, "పెద్దమనిషి, టికెట్ లేకుండా అంత దూరం పోయినాడు" అని గౌరవించాడు.

తర్వాత మా తెలుగు అయ్యవారు వచ్చారు. ఆయన షరతులన్నీ ఓపిగ్గా విన్నారు. విని, నోటుబుక్కు నా చేతిలోంచి తీసుకుని, కుడి పక్క పైనుంచి కిందిదాకా ఒకటే గీత గీసి, దానిమీద 'భారతం' అని రాశారు. తిక్కన గారి ఊరి జిల్లాలో పుట్టి ఇంకో పుస్తకం పేరెత్తడం ఆయన దృష్టిలో అపచారం. ఐదొందల పేజీలేం కర్మ, ఎన్ని కావాలన్నా ఉన్నాయి. అంకె కావాలంటే పద్దెనిమిది పర్వాలు. సినిమాలంటారా, ఎన్ని వచ్చాయో లెక్క చెప్పమన్నారు. ఒకరికంటే ఎక్కువమంది రాసిన పుస్తకం కావాలన్నా ముగ్గురున్నారు. ఆ ముగ్గురి మధ్య దాదాపు మూడు వందల ఏళ్ళు గడిచాయి కాబట్టి కాపీ కొట్టారన్న అనుమానం కూడా రాదు.

"ఆ పిల్లని విరాటపర్వంతో మొదలుపెట్టమను. తిక్కన గారు ఎత్తుకున్నదే అక్కడ. నెల్లూరులో కూర్చుని విరాటం నుంచి పదిహేను పర్వాలు చెప్పాడు. అంతా మారువేషాలే, డిటెక్టివ్ నవలకేం తీసిపోదు."

లోపల్నుంచి మా ఆయన కేక వినిపించింది. "విరాటపర్వం మాత్రం చదవబాకండయ్యా! అక్టోబరు నెల. వానొస్తే చెరువులు తెగతాయి!"

ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. మా తీరంలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. వాయుగుండం ఒకటి దిగితే చాలు, కట్టలు, వలలు, అప్పులు అన్నీ ఒకేసారి కొట్టుకుపోతాయి. జేజి కాలంలో మెట్ట రైతులు విరాటపర్వం చదివించమని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఆక్వా రైతులు చదవొద్దని అడుగుతుండారు. పుస్తకం ఒకటే, మహిమ మీద నమ్మకం కూడా ఒకటే.

"డాలస్‌లో చదివితే వాన డాలస్‌లో పడుద్ది గానీ ఇక్కడ పడదులేండి" అన్నారు అయ్యవారు. మా ఆయనకి ఆ భూగోళం మీద నమ్మకం కుదరలేదు. నేను విరాటపర్వం పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాను.

ఇక జిల్లా రచయిత షరతు దగ్గర అసలు గొడవ మొదలైంది. ఇదంతా 2022లో జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టి మా కోటని తిరుపతి జిల్లాలో పెట్టారు. పొద్దున లేచేసరికి సముద్రం అక్కడే ఉంది, స్వర్ణముఖి అక్కడే ఉంది, తిక్కన మాత్రం పక్క జిల్లాకి పోయినాడు. అయ్యవారికి ఆ సంగతి అరుగు మీద కూర్చున్నప్పుడే తట్టింది. కాసేపు మాట్లాడలేదు. నేను ఓదార్చబోయాను. సూళ్ళూరుపేట కూడా మనతోనే వచ్చింది, దాని దగ్గరి మంగళంపాడులోనే ఆత్రేయ పుట్టాడు, కాబట్టి మనకి ఆత్రేయ మిగిలాడన్నాను. మా మేనకోడలికి ఆత్రేయంటే సినిమా పాటలే తెలుసు. ఎన్.జి.ఓ., కప్పలు నాటకాలు రాశాడని తెలీదు. గుమస్తా జీతంలో సంసారం ఎట్టా ఈదాలో చెప్పే నాటకం కాబట్టి, డాలర్లలో జీతం తీసుకునేవాళ్ళు ఎన్.జి.ఓ. చదివి తీరాలని రాశాను.

అయినా మనసొప్పలేదు. ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు కూడా అక్కడే రాశాను. ఆయన కావలి మనిషి, అంటే లెక్కప్రకారం పరాయి జిల్లా. ఉండనీ. ఆ పుస్తకం తెరిస్తే మా ఇంట్లో మాట వినపడుద్ది. అమ్మీ నాయినల తగువులు, పండగ పూట పేదరికం, పిల్లకాయల అల్లరి, అన్నీ నవ్వుతా చెప్తాడు. నవ్వడం పూర్తయిన తర్వాత గొంతులో ఏదో అడ్డం పడుద్ది. డాలస్ వెళ్ళినాక 'ఎట్టుండావు' అన్న మాట మర్చిపోయి 'ఎలా ఉన్నారు' అంటున్న పిల్లకి నేను రాసిచ్చిన మందు అది. జిల్లాలు గీసిన అధికారులు పుస్తకాల బీరువా చూసి గీయలేదు గదా.

దువ్వూరి రామిరెడ్డి పానశాల కూడా రాశాను. నెల్లూరు జిల్లా రైతుబిడ్డ పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాంని తెలుగులోకి తెచ్చాడు. పేరు విని మా ఆయన గదిలోంచి బయటికి వచ్చాడు. కవిత్వమని తెలుసుకుని మళ్ళీ లోపలికి పోయినాడు.

అట్ట నీలంగా ఉండాలన్న షరతు పెట్టినవాళ్ళెవరో గానీ తెలుగిళ్ళు చూసినట్టు లేదు. మా ఇంట్లో సగం పుస్తకాలకి అట్టే లేదు. వారపత్రికల్లో సీరియల్ వచ్చినంతకాలం ఆ పేజీలు చించి దాచి, అయిపోయినాక దబ్బనంతో కుట్టి, పైన ఖాకీ కాగితం వేసుకున్నవే అన్నీ. వాటిలో ఒక పేజీ వెనక నవల ఉంటే ఇంకో పేజీ వెనక వంటల శీర్షికో, రాశిఫలాలో ఉంటాయి. హీరో హీరోయిన్ని అపార్థం చేసుకున్న చోట పేజీ తిప్పితే కందిపచ్చడి చేసే విధానం. పక్కింటావిడ అట్టాంటి కట్టలు రెండు చంకన పెట్టుకొచ్చింది. రెండూ యద్దనపూడి సులోచనారాణివే. సెక్రటరీ, మీనా.

ఆమె పద్ధతి వేరు. షరతులు అడగదు. "ముందు చదవమనండి, అది ఏ షరతుకి సరిపోతుందో తర్వాత చూసుకుందాం" అంటుంది. అద్దె పుస్తకాల కొట్లు ఊరూరా నడిచిన కాలంలో సెక్రటరీ కోసం పేరు రాయించుకుని వంతు కోసం చూసిన మనిషి. రోజు అద్దె కాబట్టి రాత్రికి రాత్రి పూర్తి చెయ్యాల. వంట ఒక చేత్తో, నవల ఒక చేత్తో. అది రీడథాన్ అని అప్పుడు ఎవరూ చెప్పలేదు కాబట్టి అత్తగారితో తిట్లు తినింది. ఆ నవలలోని జయంతి ఆత్మాభిమానం గురించి ఆమె ఇప్పటికీ నిన్న జరిగిన సంగతన్నట్టు మాట్లాడుద్ది. హీరో రాజశేఖరం మీద మాత్రం అభిప్రాయం మారిందంట. "అప్పుడు ఎంత ఠీవి అనుకున్నా. ఇప్పుడు చూస్తే వీడికి అంత పొగరెందుకనిపిస్తుండాది."

సినిమాగా వచ్చిన పుస్తకం దగ్గర కండక్టరు పార్వతీశాన్ని, పక్కింటావిడ మీనాని పట్టుకుని కూర్చుంటే, నేను ఇద్దరినీ కాదని డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు రాశాను. దాన్నే 1963లో 'చదువుకున్న అమ్మాయిలు'గా తీశారు. సినిమా సరదాగానే ఉంటుంది. నవలలోని ఇందిర మాత్రం తెరమీద ఇమిడే మనిషి కాదు. మంచి పిల్లా, చెడ్డ పిల్లా అని తేల్చుకోవాలని మొదలుపెడతాం. పుస్తకం అయ్యేటప్పటికి, తేల్చడానికి మనమెవరం అన్న సిగ్గుతో బయటపడతాం. శ్రీదేవి చిన్న వయసులోనే పోయింది. ఇట్టాంటివి ఇంకో నాలుగు రాసుంటే మా పక్కింటావిడకీ నాకూ ఇన్ని తగువులుండేవి కాదు.

తిండి షరతుకి వంశీ మా పసలపూడి కథలు అని నలుగురూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, వెంటనే బాధపడ్డారు. గోదావరోళ్ళు కూర పొయ్యి మీద పెట్టేముందే కథ రాసుకుంటారు. మనం మామిడికాయ వేసి చేపల పులుసు చేసుకుని, మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుందని దాచుకుని, మర్నాడు తినేసి పడుకుంటాం. పులుసు మీద పుస్తకం రాసేవాడు మనలో పుట్టలేదా అంటే పుట్టుంటాడు, తిని పడుకునుంటాడు.

ఐదొందల పేజీలు, పేరులో అంకె, ఈ రెండు షరతులూ ఒకే దెబ్బకి తీర్చే పుస్తకం వేయిపడగలు. విశ్వనాథ సత్యనారాయణ 1934లో 29 రోజుల్లో ఆశువుగా చెప్తుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశాడు. చెప్పడానికి పట్టిన రోజుల్లోనే చదివి ముగించినవాళ్ళు మా వీధిలో లేరు. "24 గంటల్లో అవుతుందా అత్తా?" అంది మా పిల్ల. తినకుండా, తాగకుండా, అందులోని ధర్మారావు ఎందుకిట్టా చేశాడని ఆలోచించకుండా చదివితే అవొచ్చు. ఆలోచిస్తే కాదు. కాబట్టి ఆ రచయితదే 'హాహా హూహూ' చెప్పాను. గుర్రం తలున్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. తెల్లదొరలు వాణ్ణి బోనులో పెట్టి పరిశోధిస్తారు, వాడు వాళ్ళని పరిశోధిస్తాడు. వేయిపడగలంటే భయపడేవాళ్ళకి విశ్వనాథ ఇంటికి అదే పెరటి తలుపు.

ఒక్క ఊపున చదివే పుస్తకం దగ్గర మాత్రం నేనెవర్నీ మాట్లాడనివ్వలేదు. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిత్తూరు వైపు అడవి. ఒక ముసలాయన. ఈనబోయే సుక్కపంది. కాచుకుని కూర్చున్న నక్కలు. ఒక్క రాత్రి. అంతే కథ. చదివేటప్పుడు పొయ్యి మీద ఏదీ పెట్టుకోకూడదు. నా దగ్గరున్న ప్రతిని ఎంతమందికి ఇచ్చానో గుర్తులేదు. తిరిగొచ్చిన ప్రతిసారీ దానిమీద ఎవరో ఒకరింటి టీ మరక కొత్తగా ఉంటుంది.

మొహరంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగ చూసినవాళ్ళకి ఈ పుస్తకాలు చెప్పే వ్యవహారం ఇట్టే అర్థమవుద్ది. స్వర్ణాల చెరువులో దిగి, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె అని పేరు పెట్టి చేతులు మార్చుకుంటారు. ఏ రొట్టె పడితే అది ఎవరు పడితే వాళ్ళు ఇవ్వడానికి లేదు. నిరుడు ఉద్యోగం రొట్టె తిని ఉద్యోగం వచ్చినోళ్ళే ఈ ఏడు ఆ రొట్టె తెచ్చి అడిగినోళ్ళకి ఇవ్వాల. పుస్తకమూ అట్టాగే. తనకి పనిచేసిందే ఇంకొకరికి ఇస్తాం. కండక్టరు గారు జీవితమంతా గూడూరు, వాకాడు మధ్య తిరిగినవాడు, ఆయనకి దేశం దాటించిన రొట్టె పార్వతీశం. పక్కింటావిడకి తలెత్తి మాట్లాడే ధైర్యం ఇచ్చింది జయంతి. కాకపోతే రొట్టె ఇచ్చినోళ్ళు "తిన్నావా? ఎందాకా తిన్నావు? ఆ ముక్క దగ్గరకొచ్చావా?" అని పూటకోసారి ఫోన్ చెయ్యరు. పుస్తకం చెప్పినోళ్ళు చేస్తారు. ఆ 24 గంటల్లో డాలస్ పిల్ల చదివిన టైము కంటే మా వీధికి జవాబు చెప్పిన టైమే ఎక్కువని దాని ఫిర్యాదు.

ఇంత హడావుడిలో అసలైన చదువరిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మా ఆయన. ఆయన్ని మేమెవరం సలహా అడగలేదు. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాస్తూ, మధుబాబు షాడో పుస్తకాలు, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలూ ఎన్ని నమిలేశాడో ఆయనకే తెలీదు. రాత్రిపూట నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, పీలుస్తుంది. రొయ్యలూ పీలుస్తాయి. తెల్లారుజాముకి అది బాగా పడిపోద్ది. ఆ వేళప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, వెంటనే జనరేటరు వెయ్యకపోతే పంట మొత్తం తేలిపోతుంది. అందుకని గట్టు మీద మనిషికి కన్ను మూతపడకూడదు. నిద్ర రాకుండా ఉండాలంటే హత్య జరగాల. ప్రతి పంటకీ నెలల తరబడి, లైటు పురుగుల్ని విదిలించుకుంటా, రాత్రంతా చదివే మనిషి ముందు 24 గంటల రీడథాన్ ఏపాటి?

ఈ సంగతి ఫోన్లో చెప్తే మా పిల్లకి మామ మీద గౌరవం పెరిగింది. మర్నాడు పందెం అయిపోగానే, తన వంతుగా తను చదివి ఇష్టపడ్డ పుస్తకమొకటి మామకని, సెలవులకి ఇంటికొస్తున్న గూడూరు పిల్లాడి చేత పంపింది. అగాథా క్రిస్టీ 'అండ్ దెన్ దేర్ వర్ నన్'. 1939 నాటిది. ఇంగ్లీషు ఆయనకి రాదు కాబట్టి, గట్టు మీదికి కుర్చీ వేయించుకుని నేనే తెలుగు చేసి చెప్పాల్సొచ్చింది. పదిమందిని ఒక దీవిలోకి పిలిపిస్తారు. పడవ పోతుంది. ఒక్కొక్కరే చస్తుంటారు. మూడో మనిషి పోయేదాకా ఆయన ఊపిరి బిగపట్టి విన్నాడు. ఐదో మనిషి దగ్గర లేచి ఏరేటర్లు చూసొచ్చాడు. ఏడో మనిషి దగ్గర ఇక ఆగలేకపోయాడు.

"ఇంతమంది పోతుంటే ఆ పక్క ఊళ్ళోళ్ళు ఏం చేస్తుండారే? ఒక్కడన్నా యుగంధర్‌కి ఫోన్ కొట్టకూడదా?"